బాగైపోయిన ఎడమ చెయ్యి

ఇప్పుడు మీరు చదవబోయేది ఒక వీరగాథ. ఇందులో నిప్పులు కురిసే ఎండ ఉంది, బొగ్గు గని ఉంది, తలమీద నూనె పోసి చేసిన ప్రార్థన ఉంది, నిండు సభలో లేచి ఒక తల్లి పలికిన మాట ఉంది, ఆ మాట నిలబెట్టడానికి ఒంటిచేత్తో పోరాడిన కొడుకు ఉన్నాడు.

నిజం చెప్పాలంటే ఇది నా ఎడమచేతి బొటనవేలి మొదట్లో వచ్చిన నొప్పి గురించి. రక్తం కూడా కారలేదు. ఒకసారి గిటారుకు కొత్త తీగ ఎక్కిస్తుంటే గుచ్చుకుని కాస్త కారింది గానీ, అది ఈ కథలోకి రాదు.

మాది మహారాష్ట్రలో చంద్రపూర్‌ను ఆనుకుని ఉన్న దుర్గాపూర్. నాన్న బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. తాత ఆదిలాబాద్ వైపు నుంచి గని పనికి వస్తూ ఒక ట్రంకుపెట్టె, ఒక బైబిలు తెచ్చుకున్నాడు. పెట్టె తుప్పుపట్టిపోయింది. బైబిలు పెట్టి అమ్మ నాకు తెలుగు చదవడం నేర్పింది, ఎందుకంటే బడిలో అంతా మరాఠీయే. మా చర్చిలో నా ఈడువాళ్లు తెలుగు పాటల్ని ఫోన్లో మరాఠీ అక్షరాలతో రాసుకుని పాడతారు. నేను గిటారు వాయిస్తాను. వాయిస్తాను అనాలా, వాయించేవాణ్ని అనాలా అన్నది ఇంకా తేలలేదు.

మా దగ్గర పాట ఎలా మొదలవుతుందో ముందు చెప్పాలి. నా చెయ్యి పాడైంది అక్కడే. వేరేచోట్ల గిటారువాడు శ్రుతి ఇస్తాడట, పాడేవాళ్లు అందుకుంటారట. మా చర్చిలో గిటారువాడికి అంత పొగరు పనికిరాదు. ఆడవాళ్ల వైపు ముందు వరసలో ఒక అవ్వ కూర్చుంటుంది. పాస్టరు ‘పాట పాడుకుందాం’ అనడం ఆలస్యం, కళ్లు మూసుకుని, గొంతు ఎక్కడ దొరికితే అక్కడ ఎత్తుకుంటుంది. రెండో చరణంలో ఊపు వస్తే ఇంకాస్త పైకి పోతుంది. ఆమె వెనక చర్చి అంతా పోతుంది. చర్చి వెనక నేను పోతాను. పాట ఎక్కడుందో వెతుక్కుంటూ పరుగెత్తడాన్నే మా దగ్గర గిటారు వాయించడం అంటారు.

తీగల్ని కలిపి నొక్కే పట్టును కార్డు అంటారు. ఆ గొంతు ఏనాడూ సులువైన కార్డు దగ్గర ఆగలేదు. ఎప్పుడూ రెండు కార్డుల మధ్య సందులో నిలబడుతుంది. ఆ సందులో వాయించాలంటే చూపుడువేలితో ఆరు తీగల్నీ ఒక్కసారే అణచి, వెనక నుంచి బొటనవేలితో గిటారు మెడను బిగించి పట్టాలి. ఆదివారం ఆరాధన, బుధవారం ఎవరింట్లోనో ప్రార్థన, శుక్రవారం ఉపవాస కూడిక, మధ్యలో ఎవరైనా పోతే భూస్థాపన. చావు పాటలు నిదానంగా ఉంటాయి కదా, చేతికి విశ్రాంతి అనుకుంటారు. తప్పు. నిదానమంటే అదే పట్టును ఇంకా ఎక్కువసేపు పట్టాలి. ఈ బాధ తప్పించడానికి మెడకు బిగించే క్లిప్పు ఒకటి ఉంది. నా దగ్గరా ఉంది. నేను దాన్ని గిటారు మెడ మీది సరైన గడికి జరిపేలోగా అవ్వ ఇంకో గడికి వెళ్లిపోతుంది.

మొదట్లో అది నొప్పి అనుకోలేదు. బాగోలేని రోజు అనుకున్నాను. వాయించే ప్రతివాడికీ అలాంటి రోజులుంటాయి. నిన్న మాట విన్న వేళ్లు ఇవాళ అద్దెకు తెచ్చినట్టుంటాయి. ఎండాకాలంలో తీగలు వదులైపోతున్నాయని ఎండను తిట్టాను. వానాకాలంలో చెక్క ఉబ్బిందని వానను తిట్టాను. చలికాలంలో తిట్టడానికి ఏమీ దొరకలేదు, అప్పుడు అనుమానం వచ్చింది. బాగోలేని రోజులు వరసకట్టాయి. ఎప్పుడైనా బాగున్న రోజు వస్తే, అప్పు అడగడానికి వచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూసేవాణ్ని.

నొప్పి తన అసలు రూపం చూపించింది గిటారు మీద కాదు, బైకు మీద. బొగ్గు లారీల వెనక నిలబడి క్లచ్ పట్టుకుని ఉన్నాను. బొటనవేలి కింద ఎవరో సూదితో కుట్టు వేసినట్టైంది. చెయ్యి వదిలేసింది, బండి ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. వెనక లారీవాడు ఆపకుండా హారన్ కొట్టాడు. నా సంగీతం మీద వచ్చిన మొదటి విమర్శ అది.

అప్పట్నుంచి దొంగవేషాలు నేర్చుకున్నాను. ఆరు తీగలకు బదులు రెండే పట్టడం. కష్టమైన కార్డు వచ్చే ముందు తల వంచి భక్తిలో మునిగినట్టు ఆగిపోవడం. వాయించే ముందు వేడినీళ్లలో చెయ్యి పెట్టడం, వాయించాక ఐసు. మరీ బాగోలేని రోజున చెక్క మీద దరువు వేయడం. కొన్నిసార్లు పని చేసేవి. ఎక్కువసార్లు, పొద్దున లేచి చొక్కా గుండీ పెట్టుకోలేక మంచం మీద కూర్చుని, ఆ గుండీని చూస్తూ ఉండిపోయేవాణ్ని. అందులో హాస్యం ఏమైనా ఉందేమోనని చాలా వెతికాను. లేదు.

సర్కారు దవాఖానాలో ఎముకల డాక్టరు నా బొటనవేలిని పిడికిట్లో పెట్టించి, పిడికిలిని కిందికి వంచాడు. అప్పుడు నా నోట్లోంచి వచ్చింది మరాఠీ కాదు, తెలుగూ కాదు. ఏం పని చేస్తావని మరాఠీలో అడిగాడు. కాంట్రాక్టరు ఆఫీసులో కంప్యూటర్ మీద బిల్లులు కొడతానని, చర్చిలో గిటారు వాయిస్తానని చెప్పాను.

“గిటారు పనా, సరదాకా?”

జీతం రాదు కాబట్టి పని కాదు. అది తీసేస్తే నా వారంలో ఏమీ మిగలదు కాబట్టి సరదా కాదు. సరదాకే అన్నాను, ఆయన రాసుకోవడానికి సులువుగా ఉంటుందని.

“నరాలు వాచాయి. ఇప్పుడు కొన్నాళ్లు ఆపితే మళ్లీ వాయిస్తావు. ఆపకపోతే అదే నిన్ను ఆపుతుంది,” అన్నాడు. ఇంత పెద్ద మాట చెప్పేటప్పుడు కనీసం తలెత్తుతారనుకున్నాను. ఆయన అప్పటికే తర్వాతి రోగి కాగితం చూస్తున్నాడు.

పాస్టరుకు చెప్పాను. ఆయన మంచివాడు, అదే ఇబ్బంది. “దానికేమున్నది తమ్ముడు, ట్రాకులు పెట్టుకుందం. ఫోన్ల అన్ని పాటల మ్యూజిక్కు దొర్కుతున్నది. నువ్వు ఫికర్ చెయ్యకు,” అన్నాడు. నేను లేకపోతే చర్చి కూలిపోతుందని కాదు గానీ, కనీసం కొంచెం ఊగుతుందనుకున్నాను. ఆఫీసులో నన్ను ‘ఏ బిల్‌వాలా’ అని పిలుస్తారు. పేరు పెట్టి పిలిచి, నేను రాకపోతే ఎదురుచూసే చోటు చర్చి ఒక్కటే. అక్కడ నా బదులు ఒక ఫోను కూర్చోబోతోంది. అందుకే ఆపలేదు.

శుక్రవారం ఉపవాస ప్రార్థనలో అందరూ నా కోసం ప్రార్థన చేశారు. ఒలీవ నూనె అయిపోయిందని కొబ్బరినూనె తలకు రాశారు. అవ్వ నా చెయ్యి దొరకబుచ్చుకుని, సరిగ్గా నొప్పి ఉన్నచోటే పట్టి, ప్రార్థన అయ్యేదాకా వదలకుండా పిసికింది. నా కళ్లమ్మట నీళ్లు వచ్చాయి. పరిశుద్ధాత్మ పని చేస్తోందని అందరూ సంతోషించారు.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది. “ఎట్లున్నది బిడ్డా?”

మధ్యాహ్నం నొప్పి గోళీ వేసుకున్నాను. “జర తక్కువున్నది,” అన్నాను. నేను చెప్పింది అంతే.

ఆదివారం సాక్ష్యాల సమయం. దేవుడు తమకు చేసిన మేలు గురించి ఒక్కొక్కరు లేచి చెప్పాలి. ఒకామె కొడుక్కి కొలువొచ్చింది, ఇంకొకామె కూతురి పెళ్లి కుదిరింది. మా అమ్మ ఏనాడూ లేవలేదు. చెప్పడానికి మా ఇంట్లో ఎప్పుడూ ఏమీ జరగలేదు. వేరేవాళ్ల మేళ్లకు ‘స్తోత్రం’ అనడమే ఏళ్ల తరబడి ఆమె వంతు. ఆరోజు అమ్మ కొంగు సవరించుకుని లేచింది.

“నా కొడుకు గలాస సుత వట్టుకోలేకపోతుండె. మీరందరు ప్రార్థన చేసిన్రు. దేవుడు ముట్టిండు. ఇప్పుడు మొత్తం బాగైపోయింది. నొప్పి అన్నదే లేదు.”

స్తోత్రం, అంది చర్చి. నేను నాన్న వైపు చూశాను. నాన్న ఫ్యాను వైపు చూశాడు. అమ్మ కూర్చుంటూ ఒకసారి నా వైపు తిరిగి నవ్వింది. ఆ నవ్వు ముందు లేచి ‘కాదు, అది గోళీ’ అని చెప్పే కొడుకు ఎక్కడైనా ఉంటే, వాడికి గిటారు కూడా వచ్చి ఉండదు.

“అయితె ఇయ్యాల మన తమ్ముడు గట్టిగ వాయిస్తడు!” అన్నాడు పాస్టరు.

అవ్వ కళ్లు మూసుకుంది. ఎంత పైన ఎత్తుకుందంటే, పావురాలు ఉంటే ఎగిరిపోయేవి. రేకుల మీద ఎండ, అందరి చప్పట్లు, అందరి చూపులూ నా చేతి వైపే. మొదటి పాట పట్టాను. రెండో పాట పళ్లు బిగించి పట్టాను. మూడో పాటలో బొటనవేలు టక్కుమని ఒక చిన్న చప్పుడు చేసి, మడతపడినచోటే ఆగిపోయింది. చాచితే రాలేదు. మిగతా వేళ్లు తీగల మీద ఊరికే పడి ఉన్నాయి. కుడిచెయ్యి ఒక్కటే ఆడుతోంది. స్వరం లేదు, చక్ చక్ చక్ అన్న చప్పుడు తప్ప. ఆ పాటా, ఆ తర్వాతవీ అలాగే పూర్తి చేశాను.

ఒక్కరూ గమనించలేదు. పైగా బయట చెప్పులు వేసుకుంటుంటే అవ్వ నా వీపు తట్టింది. “ఇయ్యాల మస్తు వాయించినవ్‌రా. రోజు గిట్ల వాయిస్తె నీ సొమ్మేం వోతుండె?”

ఇంటికి నాన్న బైకు నడిపాడు. దారిలో అడిగాడు. “ఎప్పటిసంది వాయిస్తలేవు?”

“మూడో పాటకెల్లి.”

“నాకు రెండో పాటల్నే ఎర్కైంది. నీ మొఖం లోడుతోని ఎత్తెక్కే మా డంపర్ తీర్గ అయింది.” లారీ ఒకటి దాటాక, మామూలుగా అన్నాడు. “నా వేళ్లు సుత మొద్దువారుతున్నయ్. స్టీరింగ్ వట్టుకున్ననో లేదో కండ్లతోని చూసుకుంట.”

“మరి చెప్పవైతివి బాపూ?”

“ఎవలకు? కంపినోళ్లకు చెప్తె అన్‌ఫిట్ అంటరు. మీ అమ్మకు చెప్తె సాక్ష్యం చెప్తది.” నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. “నన్నయితె అన్‌ఫిట్ అనేటోళ్లున్నరు. అందుకే దాచిపెడ్తున్న. నిన్ను అన్‌ఫిట్ అనేటోడు ఎవడు లేడురా. నీకు నువ్వే అనుకోవాలె.”

వెనక కూర్చుని నేను ఒక జోకు వెతికాను. ఇల్లు వచ్చేసింది.

మరునాడు మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన ఈసారి తలెత్తి చూశాడు. దానికే భయం వేసింది. ఇంజెక్షన్ ఇచ్చాడు, బొటనవేలు కదలకుండా పట్టీ వేయించాడు. మళ్లీ వాయించగలనా అంటే, “కొంచెం కొంచెం. కానీ అలా బిగించి పట్టేవి వస్తాయని మాట ఇవ్వలేను,” అన్నాడు.

అమ్మ పట్టీని చూసి కంచం తెచ్చింది. అన్నం పెట్టింది, కూర కలిపి ఇచ్చింది, చిన్నప్పటిలా. ఆపై ఆదివారం నేను పట్టీతోనే చర్చికి వెళ్లాను. నావల్ల ఆమె అబద్ధమాడినట్టు అందరిముందూ తేలిపోతుందని చేతిని వెనక దాచుకుని నడిచాను. చర్చి బయట ఆడవాళ్లు అమ్మ చుట్టూ మూగి అడిగారు, బాగైందంటివి కదా, ఇదేంది అని.

అమ్మ తడుముకోలేదు. “దేవుడు బాగనే చేసిండు వదినె. గీడే మల్ల ఖరాబు చేసుకున్నడు.”

అందరూ నా వైపు జాలిగా కాదు, కోపంగా చూశారు. అమ్మ సాక్ష్యం బతికింది. అందుకు నేను సంతోషించాను, ఇంకెవరూ సంతోషించకపోయినా.

పాస్టరు ఫోన్లో ట్రాకు పెట్టాడు. అవ్వ తన సొంత గొంతులో ఎత్తుకుంది. ట్రాకు ఒకచోట, అవ్వ ఒకచోట. నేనైతే వెంటపడేవాణ్ని. ఫోనుకు ఆ మర్యాద తెలియదు, తన దారిన తను పోయింది. చివరికి ఫోను ఆపేశారు. అప్పుడు వట్టి చప్పట్లతో పాడారు. ఇప్పటికీ అలాగే పాడుతున్నారు. నేను వెనక వరసలో చేతులు ఒళ్లో పెట్టుకుని వింటాను. గిటారు లేకుండా పాట బాగుంటుంది. చాలా బాగుంటుంది. కాస్తైనా పాడుగా ఉండొచ్చు కదా అనిపిస్తుంది.

వానలు మొదలయ్యాయి. సాయంత్రాలు గిటారు ఒళ్లో పెట్టుకుని కుడిచేత్తో వట్టి తీగలు మీటుతాను. బాగున్న రోజున ఎడమచెయ్యి రెండు వేళ్లతో ఒక చిన్న కార్డు పట్టి వదులుతుంది. బాగోలేని రోజున గిటారును గోడకు ఆనించి, డ్యూటీకి బయల్దేరే నాన్న చొక్కాకు గుండీలు పెడతాను. ఆయనవి నా కుడిచేతికి అందుతాయి. ఆయన కళ్లు ఎటో తిప్పుకుంటాడు.

ఇక ఆ పట్టీ సంగతి. ఎడమచేతిదీ కుడిచేతిదీ వేరువేరుగా అమ్ముతారని నేను కుడిచేతిది కొని చింపాకే తెలిసింది. ప్యాకెట్ చింపితే మందుల షాపువాళ్లు వాపసు తీసుకోరు.