సోములమ్మ చింతపిక్క

సోములమ్మకి మోకాళ్ళ నొప్పి ఉంది. దానికి డుంబ్రిగుడ సంతలో నూనె దొరుకుతుంది. రత్నాలంటే ఉన్న నొప్పికి మాత్రం ఏ సంతలోనూ మందు దొరకలేదు.

ఇద్దరూ తోడికోడళ్ళు. మొర్రిపుట్టు అనే ఆ కొండ ఊరికి ఒకే ఏడాది కోడళ్ళై వచ్చారు. అన్నని సోములమ్మ చేసుకుంది, తమ్ముడిని రత్నాలు చేసుకుంది. ఆ వరస వల్ల రత్నాలు ఆమెను "అప్పా" అని పిలుస్తుంది. అక్కా అన్నమాట. "అంత ముసిల్దాన్నేటి నేను? దానికన్నా ఒక్క పంట ముందు పుట్టినాను, అంతే" అని సోములమ్మ అప్పటి నుంచీ సణుగుతూనే ఉంది. అన్నదమ్ములిద్దరూ పొలాలు పంచుకున్నారు, మధ్యలో మట్టిగోడ లేచింది, తరవాత ఇద్దరూ పోయారు. సణుగుడు మాత్రం గోడకి ఇవతల నిక్షేపంగా బతికే ఉంది.

అసూయపడడానికి ఆమెకి పెద్ద కారణాలు అక్కర్లేదు. రత్నాలు పెరట్లో పనస మొదట్లోనే కాస్తుంది, కూర్చుని కోసుకోవచ్చు. సోములమ్మ పనసకి కాయలన్నీ చిటారు కొమ్మనే. రత్నాలు జుట్టు ఇంకా నల్లగానే ఉంది. పళ్ళన్నీ ఉన్నాయి. ఆమె మొక్కజొన్న పొత్తు కొరికితే ఆ చప్పుడు గోడ దాటి వస్తుంది, అది కావాలనే గట్టిగా కొరుకుతోందని సోములమ్మ నమ్మకం. ఆఖరికి కోళ్ళు కూడా సోములమ్మ చల్లిన గింజలు తిని, గోడెక్కి దూకి, రత్నాలు గంపలో గుడ్డు పెట్టి వస్తాయి.

ఇవన్నీ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది నెమలి ఈకల కట్ట ఒక్కటే.

చైత్రంలో ఇటుకల పండగ వస్తే ఊరి ఆడవాళ్ళంతా నడుముల వెనక చేతులు పెనవేసుకుని ఒకే వరసగా థింసా ఆడతారు. వరసకి ముందు నడిచే మనిషి చేతిలో నెమలి ఈకల కట్ట ఉంటుంది. ఆమె వంగితే అందరూ వంగాలి. ఆమె "తిరగండే" అని అరిస్తే వరసంతా వెనక్కి తిరగాలి. పాత ముందుమనిషి కాలం చేశాక ఆ చోటుకి తగినవాళ్ళు ఇద్దరే మిగిలారు. ఆ ఇద్దరూ ఎవరో చెప్పక్కర్లేదు.

ఆ ఊళ్ళో ఎటూ తేలని తగువు వస్తే పిక్క వేస్తారు. చింతపిక్కని ఒక పక్క రాతి మీద అరగదీస్తే నల్లపొట్టు పోయి తెల్లగా అవుతుంది, రెండో పక్క నల్లగానే ఉంటుంది. పూజారి భీముడు దాన్ని చేటలోకి ఎగరేస్తాడు. పైకి ఏ రంగు తేలితే ఆ రంగు అడిగినవాళ్ళు గెలిచినట్టు. మొదటిసారైతే వయసులో పెద్దవాళ్ళు పిక్క తేవాలి, చిన్నవాళ్ళు రంగు అడగాలి; ఆ తరవాత నిరుడు ఓడినవాళ్ళు పిక్క తేవాలి, నిరుడు గెలిచినవాళ్ళు రంగు అడగాలి. పిక్క తెచ్చిన చెయ్యి రంగు అడగదు, రంగు అడిగే మనిషి పిక్క పడేదాకా దాన్ని ముట్టదు. మోసానికి సందు ఉండకూడదని పెద్దలు పెట్టిన కట్టుబాటు అది. గెలిచిన మనిషి ఆ పిక్కని కొంగున ముడేసుకుంటుంది.

మూడేళ్ళు పిక్క వేశారు. మూడేళ్ళూ రత్నాలు నల్లదే అడిగింది. మూడేళ్ళూ నల్లదే పడింది.

నిరుడు అరకు చూడ్డానికి వచ్చినవాళ్ళు ఎవరో కొండెక్కి వచ్చి ఫోన్లో ఆట వీడియో తీశారు. అది ఊరంతా తిరిగింది. అందులో రత్నాలు ఈకల కట్ట ఊపుతూ, ఉన్న పళ్ళన్నీ చూపిస్తూ నవ్వుతోంది. ఆమె పక్కన ఒక మోచెయ్యి ఉంది. అది సోములమ్మ మోచెయ్యని సోములమ్మ చెబితే గానీ ఎవరికీ తెలియలేదు.

అదే ఆటలో ఆమె మోకాలు ఒక్క క్షణం బిగుసుకుపోయింది కూడా. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆడే ఏళ్ళు ఇక ఎన్నో లేవని ఆమెకి తెలుసు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ కట్ట పట్టుకుని ముందు నడవాలి. ఈ ఏడు కాకపోతే ఇక లేదు.

పండగ దగ్గరపడింది. మనవరాలు స్వర్ణ హాస్టల్ నుంచి సెలవులకి వచ్చింది. తొమ్మిదో తరగతి చదువుతోంది. అది చింతపండు కాలం, వసారా నిండా కొట్టిన చింతపండు. నానమ్మా మనవరాలూ పిక్కలు తీస్తూ కూర్చున్నారు.

"ఒలే స్వర్ణా, మీ సదువులో పిక్కల సంగతి ఏటైనా సెప్పినారేటే?"

"పిక్కలు కాదు నానమ్మా, నాణెం గురించి చెప్పారు. పడడానికి రెండే వైపులు, రెండింటికీ సమానంగా వీలుంటే ఒక్కో వైపుకి సగం సగం. దాన్ని సంభావ్యత అంటారు."

"దాని పేరు నాకెందుకు గానీ, మూడేళ్ళు వరసగా ఆ మనిసికే పడింది. పిక్కకి మందు పెట్టిందా నేదా, అది సెప్పు."

"పిక్క తెచ్చేది నువ్వే కదా. మందు పెడితే నువ్వే పెట్టుండాలి."

సోములమ్మ చేతిలో ఉన్న చింతపీచు మనవరాలి మీదకి విసిరింది. తగల్లేదు.

"పోనీ, పిక్కకి ఒక పక్క బరువేమో చూద్దాం ఉండు" అని స్వర్ణ ఒక పిక్కని అరగదీసి చేటలో వెయ్యడం మొదలుపెట్టింది. తెల్లది పడితే ఈ పక్కన ఒక పిక్క, నల్లది పడితే ఆ పక్కన ఒక పిక్క పెడుతూ పోయింది. పొయ్యి వెలిగించే వేళకి రెండు కుప్పలూ ఇంచుమించు ఒకటే ఎత్తు. మధ్యలో ఒకసారి నల్లది వరసగా అయిదుసార్లు పడింది. ఎవరూ అడగలేదు, ఎవరూ కొంగున ముడెయ్యలేదు. దానంతటది పడింది, అంతే.

స్వర్ణ బొగ్గుముక్క తీసుకుని నేల మీద చెట్టు గీసింది. "ఇది మొదటి ఏడు. రెండు కొమ్మలు, తెలుపు, నలుపు. రెండో ఏడు ఒక్కో కొమ్మకి మళ్ళీ రెండు. మొత్తం నాలుగు. మూడో ఏడు ఎనిమిది చివర్లు. ఇదిగో, ఈ చివరకి రావాలంటే నలుపు, నలుపు, నలుపు అని రావాలి. ఎనిమిదింట్లో ఒక్కటే. సగంలో సగం, అందులో సగం."

"అదే నేనూ అంటన్నాను! ఎనిమిదింట్లో ఒక్కటి దానికే ఎలాగ దొరికిందని?"

"చుట్టుపక్కల ఎనిమిది ఊళ్ళలో ఇలాగే పిక్క వేస్తే, సుమారుగా ఒక ఊళ్ళో ఇలా పడొచ్చు నానమ్మా. అది మన ఊరయ్యింది."

"మన ఊరే ఎందుకవ్వాల? పై ఊరోళ్ళు సచ్చినారేటి?"

స్వర్ణ ఇంకో పిక్క తీసుకుని చేటలోకి ఎగరేసింది.

సోములమ్మ చెట్టు బొమ్మని చాలాసేపు చూసింది. ఆమె మొహం మెల్లగా విప్పారింది. "నాలుగోసారి కూడా నల్లదంటే ఇంకా కష్టం గదేటి? పదహారింట్లో ఒకటి గదా. అంటే ఈపాలి తెల్లదే పడతాది! వంతు నాదే!"

"కాదు. పదహారింట్లో ఒకటి అనేది మొదటి ఏడు ముందు లెక్క. ఇప్పుడు మూడు అయిపోయాయి కదా, మనం ఈ చివరే నించున్నాం. ఇక్కణ్ణుంచి మళ్ళీ రెండే కొమ్మలు. సగమే. పిక్కకి నిరుడు ఏం పడిందో తెలీదు."

"దానికి తెలీకపోతే నాకు తెలుసు" అంది సోములమ్మ కోపంగా. తరవాత గొంతు తగ్గించింది. "సగం గాకుండా, మొత్తం నాకే పడే దారేటీ నేదా నీ పుస్తకంలో?"

స్వర్ణ నవ్వింది. "రెండు పక్కలా అరగదీసిన పిక్కైతే ఎప్పుడూ తెల్లదే. ఖచ్చిత ఘటన అంటారు దాన్ని. నల్లది పడడం అసంభవ ఘటన."

పాపం, ఆ గుంట పాఠం చెప్పాననుకుంది.

మర్నాడు పొద్దున్నే సోములమ్మ గిన్నెలు తోముకోవడానికి ఊరి కింద పారే గెడ్డకి వెళ్ళింది. రెండు గిన్నెలు తోమడానికి అంతసేపు ఎందుకయ్యిందో ఎవరూ అడగలేదు. ఆమె మాత్రం బండ మీద పిక్కని ఒక పక్క అరగదీసి, తిప్పి, రెండో పక్క కూడా అరగదీసింది. వేలి చర్మం కూడా కొంచెం అరిగింది. రత్నాలు ఎప్పుడూ నల్లదే అడుగుతుంది. పొద్దు తూరుపున పొడిచినట్టు నల్లదే అడుగుతుంది. ఈసారి ఆ నల్లది లోకంలోనే ఉండదు.

పండగ రోజు తుడుం డప్పులు మోగాయి. కాఫీ తోటలు పూసి కొండంతా ఆ వాసనే. భీముడు చేట ముందు కూర్చున్నాడు. అతనికి కళ్ళలో పొర, ఎదుట నిలబడ్డ మనిషిని కూడా గొంతు బట్టే పోల్చుకుంటాడు. సోములమ్మ పిక్కని అతని అరచేతిలో పెట్టి, మళ్ళీ మనసు మారుతుందేమోనని గబుక్కున వెనక్కి జరిగింది. ఆమె చెయ్యి అప్పటికే ఈకల కట్ట బరువు ఎంతుంటుందో ఊహించుకుంటోంది.

"రత్నాలమ్మా, రంగు సెప్పు" అన్నాడు భీముడు.

రత్నాలు కొంగు సవరించుకుంది. ఒకసారి సోములమ్మ వైపు చూసింది.

"తెల్లది" అంది.

సోములమ్మ నోరు తెరిచింది. ఏమని చెప్పగలదు? పిక్క గాల్లోకి లేచింది. అది గాల్లో ఎన్ని పిల్లిమొగ్గలు వేసినా, చేట అంచుకి తగిలి ఎటు పొర్లినా ఏం లాభం? తెల్లగా పడింది. ఆడవాళ్ళు కేకలు పెట్టారు. నాలుగో ఏడు కూడా రత్నాలే.

రత్నాలు వంగి పిక్క తీసుకుంది. కొంగున ముడెయ్యబోతూ దాన్ని తిప్పి చూసింది. మళ్ళీ తిప్పింది. తలెత్తి సోములమ్మని చూసి, గట్టిగా ముడేసుకుంది.

సోములమ్మకి చెవులు కాలిపోయాయి. ఎప్పుడూ నిలబడే రెండో చోటు వదిలేసి, వరస పొడుగునా నడిచి, రత్నాలు కంటికి దూరంగా కొసన పడుచుపిల్లల పక్కన చేరింది. ఆట మొదలైంది. ప్రతి అడుగుకీ ఆ ముడి ఇప్పుడు విప్పుతుందా, మరికాసేపటికి విప్పుతుందా అన్న ధ్యాసే. అంత భయంలోనూ ఆమె కళ్ళు రత్నాలు నడుం ఎంత బాగా వంగుతోందో చూస్తూనే ఉన్నాయి.

రెండు చుట్లు అయ్యాయి. అప్పుడు ముందు నుంచి రత్నాలు గొంతు వినబడింది. "తిరగండే!"

వరస వెనక్కి తిరిగింది. వెనక్కి తిరిగితే కొస ముందవుతుంది కదా. సోములమ్మ తలెత్తి చూసేసరికి ఆమె ఎదుట ఎవరూ లేరు. మైదానం, దాని అవతల కొండ, అంతే. వెనక వరసంతా ఆమె అడుగు కోసం ఆగి ఉంది.

ఆమె కుడికాలు వేసింది. అందరూ వేశారు. వంగింది. అందరూ వంగారు. డప్పు అందుకుంది. మళ్ళీ తిరగమని రత్నాలు అరుస్తుందేమోనని చూసింది. ఆట ముగిసేదాకా రత్నాలు నోరు విప్పలేదు. ఆ పూట మోకాలు కూడా ఏమీ అనలేదు.

మర్నాడు వసారాలో స్వర్ణ తను ఫోన్లో తీసిన వీడియో చూపించింది. సోములమ్మ ముందు నడుస్తోంది, మోచెయ్యి ఒక్కటే కాదు, మనిషంతా ఉంది. ఆమె ఫోన్ని ముక్కు దగ్గరగా పెట్టుకుని మళ్ళీ మళ్ళీ చూసింది.

"బాగుందా నానమ్మా?"

"ఏటి బాగుండడం? సూడు, ఈకలు మళ్ళీ దాని సేతిలోనే ఉన్నాయి. కొసన నిలబడి కూడా ఎలాగ ఊపుతందో సూడు."

అప్పుడే రత్నాలు గోడ దాటి వచ్చింది. ఒక చేతిలో పనస తొనలు, రెండో చేతిలో పిక్క. తొనలు స్వర్ణకిచ్చి, పిక్క తీసుకొచ్చి సోములమ్మ ఒళ్ళో వేసింది.

"నీ పిక్క నువ్వే దాసుకో అప్పా. రెండు పక్కలా అరగదీసినావు, సేతులెంత నొప్పెట్టినాయో."

సోములమ్మ తొనల వాసన రానట్టు మొహం తిప్పుకుంది. కాసేపటికి ఉండబట్టలేక అడిగేసింది. "ఎప్పుడూ నల్లది అడిగేదానివి, తెల్లది ఎందుకడిగినావు?"

"మూడేళ్ళూ నల్లదే పడింది గదా. ఈపాలీ అదే పడతాది, తెల్లదడిగితే ఓడిపోతాననుకున్నాను. నీ మోకాలు నిరుడు పట్టేసింది, సూసినాను గదా. ఒక్కపాలి నువ్వు ముందుంటే బాగుంటాదనుకున్నాను." ఆమె నవ్వింది, పళ్ళన్నీ కనబడ్డాయి. "వొచ్చే ఏడు నల్లదే అడుగుతానులే."

రత్నాలు వెళ్ళిపోయింది. స్వర్ణ తొన నములుతూ అంది. "మీ ఇద్దరిదీ ఒకే తప్పు. పడినదే మళ్ళీ పడుతుందని చిన్ననానమ్మ, పడనిది ఇప్పుడు పడుతుందని నువ్వు. పిక్కకి ఆ రెండూ తెలీవు. ఇంకోటి, పిక్కకి రెండు పక్కలుంటే మనిషికీ రెండు మాటలుంటాయి నానమ్మా. ఆమె ఏ రంగు అడుగుతుందో అదీ ఒక ఘటనే. నువ్వు రెండు ఘటనల్లో ఒకదాన్నే అరగదీశావు."

సోములమ్మ వినడం లేదు. ఆమె కడుపులో కొత్త మంట మొదలైంది. పనస, జుట్టు, పళ్ళు, ఈకలు చాలక, ఆ మనిషికి మంచితనం కూడా తనకన్నా ఎక్కువే ఉందా? ఆ మంచితనం కూడా దానికి చిటారు కొమ్మన కాకుండా మొదట్లోనే కాస్తుందా?

ఆమె పిక్కల కుప్ప ముందుకి జరిగి, వచ్చే ఏటికి ఒక మంచి పిక్క ఏరింది. రాయి తెచ్చుకుని ఒక పక్క అరగదీసింది. తిప్పింది. రెండో పక్క రాతి మీద ఆనించి ఆగిపోయింది.

"ఒలే, అది నిజంగా నల్లదే అడుగుతాదంటావేటి?"

"ఏమో. సగం అనుకో నానమ్మా."

"నీ సగం తగలెయ్య" అంది సోములమ్మ. రెండో పక్క నల్లగానే ఉంచి పిక్కని కొంగున ముడేసుకుంది. ఆ తరవాత, స్వర్ణ అటు తిరిగి ఉందని చూసుకుని, పనస తొన ఒకటి తీసి నోట్లో వేసుకుంది. తియ్యగా ఉంది. అదీ ఆమెకి కోపమే తెప్పించింది.