బావ గోడకి తగిలించిన బిషప్ సమాధి

ఎనభైల మొదట్లో న్యూజెర్సీలో మా తెలుగు క్రైస్తవుల సహవాసం ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో కూడుకునేది. ఆ చర్చివాళ్ళు పాత సామాన్లు అమ్మకానికి పెట్టిన శనివారం మా బావ ఒక పటం కొనుక్కొచ్చాడు. రెండు వందల ఏళ్ళ కిందట రాగిరేకు మీద చెక్కి అచ్చువేసిన బొమ్మ. అందులో అంతకన్నా ఎంతో పాతకాలపు బిషప్ సమాధి. నడుమెత్తు రాతి దిమ్మ మీద రాతి మనిషి కిరీటంతో వెల్లకిలా పడుకుని, చేతులు జోడించి ఉన్నాడు. పాదాల దగ్గర కుక్క. నీడలన్నీ వెంట్రుకల్లాంటి గీతలే.

భోజనానికొచ్చిన సంఘపెద్ద మొహం చిట్లించాడు. "ఇదేంటయ్యా, బిషప్‌ని హాల్లో పెట్టావు? రేపట్నించి కాథలిక్కుల్లా జపమాల తిప్పుతావా?"

"లేదండీ," అన్నాడు బావ. "పాపం కమిటీ మీటింగులన్నీ అటెండ్ అయ్యి ఇలా పడిపోయాడు. రెస్ట్ తీసుకోనివ్వండి."

నవ్వాపుకోలేక అక్క పళ్ళెం పట్టుకుని వంటింట్లోకి పారిపోయింది.

ఆ చలికాలంలోనే ఆఫీస్‌లో గుండె ఆగి బావ పోయాడు. మా సహవాసంలో అదే మొదటి చావు. హైవే పక్కనున్న శ్మశానంలో హడావుడిగా చోటు తీసుకున్నాం. మా గుంటూరు వైపు ఈస్టర్ తెల్లవారుజామున సున్నం కొట్టిన సమాధుల మీద పూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆడవాళ్ళు వాటి మీద చెయ్యి వేసి కూర్చుంటారు. సమాధి అంటే నేల మీంచి లేచే ఉంటుందని మా అందరి లెక్క. ఇక్కడ ఎలా కట్టనిస్తారో అడగాలని ఎవరికీ తోచలేదు.

మంచు కరిగాక అక్క ఆ పటం గోడ మీంచి తీసి, నన్ను శ్మశానం ఆఫీస్‌కి డ్రైవ్ చెయ్యమంది. అక్కడున్న పెద్దాయన ముందు దాన్ని పెట్టి ఇంగ్లీషులో చెప్పింది.

"బిషప్ వద్దు, కుక్కా వద్దు. కింది దిమ్మ చాలు. ఇంత ఎత్తు." గాల్లో అరచెయ్యి పరిచి చూపించింది.

ఆయన కళ్ళజోడు సర్దుకుని బొమ్మను చాలాసేపు చూశాడు. చాలా బాగుందన్నాడు. తర్వాత మెల్లగా చెప్పాడు: ఇక్కడ రాళ్ళన్నీ నేలకి సమంగానే ఉండాలి, గడ్డి కోసే మిషన్ పైనుంచి వెళ్ళాలి. మమ్మల్ని తలుపు దాకా సాగనంపాడు.

సంఘంలో బైబిల్ వాక్యం చెప్పే అలవాటు నాది. కార్‌లో పునరుత్థానం గురించి మొదలుపెట్టాను.

"తెలుసురా. సండే స్కూల్ పిల్లలకి నేనేగా చెప్పేది. మీ బావ లేస్తారు. లేచేదాకా నా చెయ్యి ఎక్కడ పెట్టుకోను?"

ఇప్పటికీ ప్రార్థనలో ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోతాను.

ఆ ఈస్టర్‌కి తడిగడ్డిలో బావ రాయి వెతికి పట్టుకున్నాం. అక్క మోకాళ్ళ మీద కూర్చుని, బాగా వంగి, అరచెయ్యి ఆనించింది. మేం రెండు జబ్బలు పట్టుకుంటే గానీ లేవలేకపోయింది.

"ఇది చెయ్యి వేసినట్టు లేదురా," అంది. "పడిపోయినట్టుంది."

మరుసటి ఏడాది ఈస్టర్‌కి అక్క కార్ దిగలేదు. మా పాట వినపడేలా అద్దం దించుకుని కూర్చుంది. ప్రార్థన అయ్యాక తన దగ్గరికి వెళ్ళాను.

"కొవ్వొత్తి మైనం రాతి మీద కారిందా?"

"కారిందక్కా."

"ఆయన పేరు మీద?"

"కొంచెం."

"చెయ్యి ఆనించి, గోరుతో తీసేశావా?"

"తీసేశాను."

తలాడించి, అద్దం పైకెత్తింది.