మా నాయిన నేసిన పరీక్ష

ఎండలో ఆరిన పాత జంపఖానా పరవగానే గది నిండా నూలు వాసన కమ్మింది. మా అమ్మాయి దాని మీద బోర్లా పడుకుని, మోడల్ టెస్టు కాగితంలో గుండ్రాలు నల్లగా నింపుతోంది.

అలాంటి కాగితాన్ని నేను మొదట చూసింది నాలుగో తరగతిలో. వరంగల్‌లో మాది మగ్గాల ఇల్లు. మా నాయిన గళ్ల కాగితంలో ఒక్కో గడి నింపుతూ జంపఖానాలకు డిజైన్లు వేసేవాడు. అందుకే పరీక్షలో సారు "వరుసకు ఒక్కటే గుండ్రం నింపుండ్రి" అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఇది మా ఇంటి పనే! ప్రశ్నల జోలికి పోకుండా, అటూ ఇటూ వంకీలు తిరిగే అంచు ఒకటి వేసి అందరికంటే ముందే ఇచ్చేశాను.

సారు ఆ కాగితం పట్టుకుని ఇంటికే వచ్చాడు. "మీ బిడ్డ ఒక్క ప్రశ్న గూడ చదువలే!"

నాయిన దాన్ని వెలుతురులో పెట్టి చూశాడు. "చదువలేదు గని సార్, అంచు ఏడ గూడ తప్పలే" అని పకపకా నవ్వాడు. సారుకూ నవ్వాగలేదు. వారం తిరిగేసరికి ఆ అంచు మగ్గమెక్కింది.

ఆ తర్వాత అన్నీ ప్రశ్నలు చదివే నింపాను. సీటూ ఉద్యోగమూ ఆ కాగితాలే ఇచ్చాయి. పరుచుకుని కూర్చోవడానికి మిగిలింది మాత్రం ఈ ఒక్క పరీక్షే.