ఖాసిం వలి తుడవనన్న నేల

ఖాసిం వలికి కోపం రావడం ఆ హాల్లో ఎవరూ ఎన్నడూ చూడలేదు. అందుకే ఆ శుక్రవారం పొద్దున మాప్ కర్రను కోర్టు మధ్యకు విసిరికొట్టి "నేను తుడవను" అన్నప్పుడు ముందు అందరూ నవ్వారు. ముసలాయన ఏదో పరాచికం ఆడుతున్నాడనుకున్నారు. ఆయన ముఖం చూశాక ఒక్కొక్కరే నవ్వు ఆపేశారు.

ముసలాయన అంటే మరీ ముసలాయనేం కాదు, యాభై రెండేళ్ళు. ఊరు రాయచోటి. కువైట్ వచ్చిన కొత్తలో బస్సులు కడిగాడు. తర్వాత అల్ రాయ్‌లో కార్ల షోరూముల వెనక ఒక పాత గోడౌన్‌ని బాస్కెట్‌బాల్ హాలుగా మార్చి అద్దెకిస్తుంటే, అందులో నేల తుడిచే పనికి చేరాడు. పదకొండేళ్ళయింది. ఆట ఆగినప్పుడల్లా పరుగెత్తుకెళ్ళి ఆ చెక్క నేల మీద చెమట తుడవాలి, సగం ఆటకు బూట్ల మరకలు తీయాలి, మళ్ళీ విజిల్ ఊదేలోపు పక్కకు తప్పుకోవాలి. తప్పుకున్నాక ఆయన ఉన్నట్టు ఎవరికీ గుర్తుండదు. ఆయన ముందే అన్నీ మాట్లాడుకుంటారు. గోడకు చెవులుంటాయని భయపడే మనుషులు కూడా ఖాసిం వలికి చెవులుంటాయని ఎప్పుడూ అనుకోలేదు.

ఉండటమే కాదు, ఆయనకు కళ్ళు కూడా ఉన్నాయి. పదకొండేళ్ళు నేల చూస్తూ బతికినవాడికి నేల చాలా చెబుతుంది. ఎవడు పరుగెత్తాడో, ఎవడు పరుగెత్తినట్టు నటించాడో, ఎవడు దెబ్బకు జంకి పక్కకు తిరిగాడో మరకలు చూసి చెప్పగలడు. అడిగితే చెప్పేవాడు. అడిగిందెవరు?

ఆ వారం హాల్లో పెద్ద హడావుడి. మన దేశంలో కొత్తగా ఒక ప్రొఫెషనల్ లీగు పెట్టారు. డ్రాఫ్ట్ అంటారట, జట్లన్నీ వంతులవారీగా ఒక జాబితాలోంచి ఆటగాళ్ళను ఎంచుకుంటాయి. ఆ జాబితాలోకి కువైట్ నుంచి పది పేర్లు పంపడానికి హైదరాబాద్ నుంచి గంగాధర్ అనే సెలెక్టర్ దిగాడు. మూడు రోజుల క్యాంపు, శుక్రవారం ఆఖరి రోజు. సాయంత్రానికల్లా పది పేర్లూ పంపెయ్యాలి. ఇరవై అయిదేళ్ళు దాటినవాళ్ళను తీసుకోరు.

అబ్దుల్ బాసిత్‌కు ఇరవై అయిదు వచ్చే నెలలో దాటిపోతాయి. ఆరడుగుల తొమ్మిదంగుళాల మనిషి. పక్క వీధిలోనే టైర్ల గోడౌన్లో పని చేస్తాడు. ఈసారి పేరు ఎక్కకపోతే ఇక జన్మంతా ఆ టైర్లే. ఆ సంగతి హాల్లో అందరికీ తెలుసు. అందరికంటే ఎక్కువగా బాసిత్‌కు తెలుసు, కానీ అతను పెదవి విప్పే రకం కాదు.

ఆ పొద్దున మొదటి పందెం నడుస్తోంది. ఆట కాస్త ఆగితే ఖాసిం వలి టేబుల్ పక్కన ఒలికిన నీళ్ళు తుడుస్తున్నాడు. నెత్తి మీద మాటలు వినబడుతున్నాయి.

"ఇంత పొడుగుండి ఆటకు నాలుగు పాయింట్లా? ఏం చేస్తుండు ఈయన?" అని గంగాధర్ స్కోరు కాయితం మీద పెన్నుతో కొట్టాడు.

"కుర్రాడు మంచోడేనండీ. కానీ మెత్తన. ఎత్తుంది గానీ పస లేదండీ" అన్నాడు విజయభాస్కర్. ఆయనది విజయవాడ, నూనె కంపెనీలో ఇంజినీరు, సరదాకి ఈ జట్టును నడుపుతాడు. బాసిత్ నాలుగేళ్ళుగా ఆయన జట్టులోనే ఆడుతున్నాడు. ఆయన కొడుకు ఉజ్వల్ కూడా అందులోనే ఆడతాడు, ఈ క్యాంపులో మాత్రం ఎదుటి జట్టులో పడ్డాడు. "మా ఉజ్వల్‌ని చూడండి, ప్రతి ఆటలో రింగుకు తగిలి తిరిగొచ్చే బంతులు పది పట్టుకుంటాడు. వాడి ఎత్తెంత, వీడి ఎత్తెంత!"

ఖాసిం వలికి ఒళ్ళు మండిపోయింది. ఇద్దరూ ఒకే జట్టులో ఉన్నప్పుడు ఉజ్వల్ పది బంతులు పట్టుకున్నాడంటే ఎలా పట్టుకున్నాడు? అవతలి జట్టులో ఉన్న దున్నపోతుల్లాంటి ఇద్దరిని బాసిత్ తన వీపుతో అడ్డగించి అవతలకు నెడుతుంటే, ఖాళీగా పడ్డ బంతిని ఉజ్వల్ తీరిగ్గా అందుకునేవాడు. కాయితంలో ఉజ్వల్ పేరు ఎక్కేది. నెట్టినవాడికి ఆ కాయితంలో చోటే లేదు. నాలుగేళ్ళు కళ్ళ ముందు చూసిన పెద్దమనిషి పస లేదంటున్నాడు! ఖాసిం వలి పళ్ళు కొరుక్కుంటూ వెళ్ళి బెంచీ మీద కూర్చున్న బాసిత్ దగ్గర ఆగాడు.

"నోరుండాదా లేదా రా నీకు? పోయి చెప్పుకోరాదా?"

"ఏం చెప్పుకునేది చిచ్చా? కాయితంలో ఉండేదే కదా వాళ్ళు అంటాండేది" అన్నాడు బాసిత్, మోకాళ్ళ మధ్య తల వేలాడేసుకుని.

ఆ జవాబుకి ఖాసిం వలికి కోపం రెండింతలయింది. ఏడడుగులకు మూడంగుళాలు తక్కువున్న మనిషి అంత చిన్నగా ముడుచుకుని కూర్చోవడం ఆయన చూడలేకపోయాడు.

సగం ఆట అయిందని విజిల్ మోగింది. ఖాసిం వలి మాప్ తీసుకుని బాసిత్ కాపలా కాసిన రింగు కిందకు వెళ్ళాడు. నేల వైపు చూసి ఆగిపోయాడు. కర్ర విసిరికొట్టింది అప్పుడే.

"ఏంటిది ఖాసిం? యల్లా, త్వరగా కానివ్వు" అన్నాడు విజయభాస్కర్.

"తుడవను సార్."

"పిచ్చెక్కిందా? ముదీర్‌కి ఒక్క ఫోన్ కొట్టానంటే రేపు నీ ఇఖామా ఉండదు, తెలుసా?"

మేనేజర్ పేరూ, ఈ దేశంలో ఉండనిచ్చే ఆ ఇఖామా కార్డు మాటా ఎత్తగానే ఖాసిం వలి కర్ర వైపు ఒక అడుగు వేసి ఆగాడు. మిష్రిఫ్‌లో ఒక విల్లాలో వంట చేసే భార్య ఆసియా బీ గుర్తొచ్చింది. ఆమె కూడా ఇదే మాటంటుంది, మనకెందుకు, నోరు మూసుకో అని. ఇన్నాళ్ళూ మూసుకున్నది చాలనిపించింది.

"కొట్టండి సార్ ఫోను. ఇది తుడిస్తే ఆ పిల్లోడు చేసిన పనంతా పాయ. మీ కాయితంలో లేదంటిరి కదా, ఈడుండాది, వచ్చి చూడండి!" ఆయన గొంతు హాలంతా మోగింది. ఆ గొంతు అంత పెద్దదని ఆయనకే తెలియదు.

గంగాధర్ లేచి వచ్చాడు. విసుగ్గానే వచ్చాడు. "ఏమున్నదిక్కడ?"

"ఏమీ లేదు సార్. అదే నేను చెప్పేది. ఇదో, ఈ నల్ల గీతలు అవతలి టీమోళ్ళ బూట్లవి. ఈడిదాకా తిన్నగా వచ్చినాయి. రంగేసిన గడి కాడికి వచ్చినాంక చూడండి, అన్నీ పక్కకు తిరిగినాయి. లోపల ఒక్కటి లేదు. లోపల ఉండేటివి ఈ రెండు మడమలే. వానియ్యే. ఇంత చెమట కారిండాది చూడండి, అదీ వానిదే. పొద్దున్నుంచి వీని రింగు కిందికి వచ్చి బంతి వేసినోడు ఎవుడన్నా ఉండాడా? రానే రాకపోతే ఆపినట్ల మీ కాయితంలో యాడ ఎక్కుతాది సార్?"

గంగాధర్ కిందకు వంగాడు. మోకాళ్ళ మీద కూర్చుని ఆ గీతల్ని వేలితో తాకుతూ చాలాసేపు చూశాడు. "తుడువు" అన్నాడు చివరికి. ఖాసిం వలి మొహం మాడిపోవడం చూసి, "తుడువయ్యా, చెప్తున్న గదా. రెండో సగంల పది నిమిషాలు వీణ్ణి బయట కూర్చోబెడదాం. మళ్ళ చూద్దాం" అన్నాడు.

బాసిత్ బెంచీ మీద కూర్చున్నాడు. పది నిమిషాల్లో అతని జట్టు రింగు కింద సంతలా తయారైంది. ఎవరు పడితే వారు లోపలికి దూరి బంతి వేసిపోయారు. ఆట ఆపి చూస్తే గడి నిండా మరకలు, ఎవరి కాలు ఎవరిదో తెలియనంతగా. ఖాసిం వలి తుడిచాడు. అప్పుడు బాసిత్‌ని దింపారు.

ఉజ్వల్ బంతి తీసుకుని దూసుకొచ్చాడు. గడి గీత దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. రెండోసారీ అంతే. మూడోసారి కూడా బంతిని వేరేవాడికి విసిరేసేసరికి విజయభాస్కర్ ఓర్చుకోలేక అరిచాడు. "లోపలికెళ్ళరా! భయమెందుకు?"

"డాడీ, అక్కడ బాసిత్ ఉన్నాడు కదా!" అన్నాడు ఉజ్వల్, అదేం ప్రశ్న అన్నట్టు.

విజయభాస్కర్ చేతి గడియారం చూసుకున్నాడు. తర్వాత ఎవరి వంకా చూడకుండా మంచినీళ్ళ సీసా కోసం వెతికాడు. గంగాధర్ కాయితం తిప్పి, వెనక ఖాళీ వైపు చాలా రాశాడు. ఫోన్‌తో నేలని ఫోటో తీసుకున్నాడు. జాబితాలో మూడో పేరుగా అబ్దుల్ బాసిత్ అని రాసి విజయభాస్కర్‌కు చూపించాడు. ఆయన కాదనలేదు. ముదీర్‌కి ఫోనూ కొట్టలేదు.

బాసిత్ వచ్చి ఖాసిం వలి భుజం మీద చెయ్యేశాడు. "పో, పోయి ఆడుకోపో" అని కసిరాడు ఆయన. పని అయిపోయింది, అనుకున్నది జరిగింది. అయినా ఆయన కోపం దిగలేదు. బకెట్‌ని అవసరం లేకపోయినా ఈడ్చి అవతల పెట్టాడు.

మధ్యాహ్నం అందరూ వెళ్ళాక గంగాధర్ ఆయన దగ్గరకు వచ్చాడు. "ఇరవై ఏండ్ల సంది ఆటగాళ్ళను చూస్తున్న నేను. ఎన్నడూ కింద చూడలే" అన్నాడు. "పదకొండేండ్ల సంది తుడుస్తున్నవంట గదా. ఇట్లాంటి గుర్తులు ఇంతకుముందు ఎవరియన్నా చూసినవా?"

ఖాసిం వలి మాప్‌ని బకెట్లో ముంచి పిండాడు.

"చూసినా సార్. ఆరేండ్ల కింద. సుభాన్ అని, మా పక్కూరోడే. అప్పుడు గూడా మీ మాదిరి ఒక సార్ వచ్చినాడు, వేరే టీముకు పిల్లోళ్ళను ఏరేదానికి. వాన్ని గూడా పస లేదనే పక్కన పెట్టినారు. వాని రింగు కింద ఇట్లనే ఉన్నెయ్ గీతలు. నేను చూసినా. చెప్తే ముదీర్ తిడతాడని తుడిచేసినా."

"ఇప్పుడెక్కడున్నడు?"

"ఈ ఈది చివర సిమెంటు గోడౌన్లో. మూటలు మోస్తాడు. వాని వయసు దాటిపోయింది సార్, ఇంగ మీరేం చేయలేరు." ఆయన కర్రను గోడకు ఆనించాడు. "రోజూ నేను మంగఫ్‌లో మా రూము నుంచి వచ్చి బస్సు దిగుతానే వాడే ఎదురొచ్చి నాకు సలాం చేస్తాడు. నేను తుడిచేసినానని వానికి తెల్దు."