ఎస్తేరక్క బ్లాగుకి నేను చేసిన సేవ

ఇంటర్వ్యూ గదిలో అడుగైనా పెట్టకుండా, ఇంకొకరికి రాబోయే ఉద్యోగాన్ని ఎలా ఊడగొట్టొచ్చో తెలుసుకోవాలని ఉందా? నన్నడగండి. అమీర్‌పేటలో నెట్ సెంటర్‌లో కూర్చుని, పంజాగుట్టలో ఉన్న ఎస్తేరక్క కొంప ముంచబోయిన ఘనుణ్ణి నేను.

ఎస్తేరక్క మధురానగర్‌లో మా పక్క వాటాలో ఉండేది. ఏ హాస్టల్లో నీళ్ళొస్తాయి, ఏ కోర్సు దండగ అని, ఊరికి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం బ్లాగు రాసేది. ఎంత బాగా రాసేదనుకున్నారు! పంజాగుట్టలో ఒక ఆఫీసువాళ్ళు తమ వెబ్‌సైటు చూసుకోడానికి మనిషి కావాలని ఆమెను పిలిచారు. "ఇది కూడా రాకపోతే సామాను సర్దుకుని ఒంగోలు బస్సెక్కడమేరా చిన్నా" అంది అక్క.

నేనప్పుడే వెబ్ సర్వర్ల క్లాసులో చేరాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్తగా సర్వర్ నేర్చుకున్నవాడు పక్కవాళ్ళ పొద్దు కూడా ఎరగడు. ఫొటోలు ఎక్కించమని అక్క ఇచ్చిన పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంది మరి!

అక్క ఇంటర్వ్యూకని ఆటో ఎక్కగానే పనిలోకి దిగాను. ఆమె బ్లాగులో పేజీల అడ్రసుల చివర ఒక ప్రశ్నార్థకం, ఒక అంకె తప్ప ఏమీ ఉండేవి కావు. పేర్లుండే అడ్రసులైతే సెర్చ్‌లో పైకొస్తాయని మా సారు చెప్పారు. అన్నీ మార్చేశాను. మరి పాత అడ్రసుతో వచ్చేవాళ్ళో? వాళ్ళ కోసం నా సొంత కవిత్వంతో ఒక ఎర్రర్ పేజీ పెట్టాను: "ఏం బావా, దారి తప్పావా? పోయి ఇరానీ చాయ్ తాగు!"

అక్క రెజ్యూమేలో ఇచ్చినవన్నీ పాత అడ్రసులేనని ఈ మహామేధావికి తట్టలేదు.

కాసేపటికి ఫోన్ మోగింది.

"చిన్నా, బ్లాగులో ఏమన్నా మార్చావా?"

"మార్చడమా! అదరగొట్టేశానక్కా! ఆ ఆఫీసు ముసలాళ్ళు చూశారా?"

"చూశారు. ఇప్పుడు వింటున్నారు కూడా. ఫోన్ స్పీకర్‌లో పెట్టాను."

అవతల ఎవరో పెద్దాయన, "నన్ను బావా అన్నది గీ పోరడేనా అమ్మా?" అన్నాడు.

"వీడే సార్. ఒక్క ఐదు నిమిషాలివ్వండి, సరిచేయిస్తాను" అంది అక్క. ఆ గొంతులో వణుకు లేదు, కోపం లేదు. నేనైతే అక్కడే కూలబడి ఏడ్చేవాణ్ణి.

"చిన్నా, కొట్టు మారిస్తే పాత షట్టరు మీద 'ఈ షాపు పక్క సందులోకి మార్చబడినది' అని బోర్డు పెడతారు కదా. నువ్వు పెట్టావా?"

"అది ఇంకా క్లాసులో చెప్పలేదక్కా..."

అవతల ఎవరో కిసుక్కున నవ్వారు.

"సరే, పాత అడ్రసు నుంచి కొత్తదానికి దారి చూపే బోర్డు ఇప్పుడు పెడదాం, సర్వర్ సెట్టింగుల ఫైలు తెరువు. చెప్పింది చెప్పినట్టు కొట్టు."

చుక్క, గీత, బ్రాకెట్, డాలర్ గుర్తు, ఎక్కడ ఖాళీ వదలాలో అది కూడా, అన్నీ నోటికే! చర్చిలో కీర్తన పాడినంత తేలిగ్గా చెప్పుకుపోయింది. నేను తప్పు కొట్టినప్పుడల్లా "మళ్ళీ కొట్టు నాన్నా" అంది. అబ్బ, ఆ ఓపికకి చేతులెత్తి దండం పెట్టాలండీ!

"సార్, ఇప్పుడు ఆ పాత లింకే నొక్కండి."

అవతల పెద్దాయన మౌస్ నొక్కిన చప్పుడు వినిపించింది.

"అరె, ఒచ్చింది! మస్తుందమ్మా!"

సాయంత్రం అక్క స్వీట్ల పెట్టెతో వచ్చింది. ఉద్యోగం ఖాయం! నేను కాళ్ళ మీద పడబోతే, "లేవరా, నాకేం వచ్చో వాళ్ళకి చూపించే అవకాశం నువ్వేగా ఇచ్చింది" అని నవ్వింది.

నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. "అయితే నాక్కూడా అక్కడ ఒక ఉద్యోగం అడగక్కా!"

"అడిగాన్రా. ఆ పెద్దాయన నీకో మాట చెప్పమన్నారు."

"ఏంటక్కా?"

"'ఏం బావా, దారి తప్పావా? పోయి ఇరానీ చాయ్ తాగు!'"

తాగాను. ఆ కప్పు మీద చెయ్యి వేసి ప్రమాణం కూడా చేశాను: పాత షట్టరుకి బోర్డు కట్టకుండా ఈ జన్మలో ఏ పేజీనీ కదిలించను. పెళ్ళయ్యేదాకా ఎవర్నీ బావా అని పిలవను.