బామ్నిలో మైకు పలకని మాట

ఈసారి ప్రాణహిత అవతల, మహారాష్ట్రలో ఉన్న సిరొంచ వెళ్ళింది నదుల సంగమం చూడ్డానికి కాదు, ఒక మనిషిని డాక్టరుకు చూపించడానికి. సిరొంచ దగ్గర బామ్నిలో ఉండే రాజవ్వ పెద్దమ్మ, అంటే మా అమ్మకు పెద్దక్క, రొమ్ములో గడ్డతో ఏడాదిగా తిరుగుతోందని ఆమె కోడలు ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసింది. "నొప్పి లేదు గద వదినే, అందుకే ఎవలికి చెప్పొద్దంటది" అంది. సిరొంచలో గురువారం రొమ్ము క్యాన్సర్ క్యాంపు ఉందని, ఊరూరా జీపు తిప్పి మైకులో చెబుతున్నారని మంచిర్యాలలో తెలిసిన నర్సు ఒకామె అదే వారం చెప్పింది. ఇంకేం, పెద్దమ్మ అక్కడికే వస్తుంది కదా అనుకుని బయల్దేరాను. ఇది 2007 డిసెంబరు మాట.

మంచిర్యాలలో తెల్లవారుజాము బస్సెక్కి చెన్నూరు, అక్కడ ఇంకో బస్సు పట్టుకుని అర్జునగుట్ట రేవు. చలికాలం ప్రాణహిత తగ్గి ఉంటుంది కాబట్టి చెప్పులు చేత్తో పట్టుకుని కొంత దూరం ఇసుకలో నడవాలి. పడవకు మనిషికి ఐదు రూపాయలు, నిండేదాకా కదలదు. పడవ నడిపే ఆయన "ఎవలింటికి అక్కా?" అని అడిగితే పెద్దమ్మ సంగతీ, క్యాంపు సంగతీ చెప్పాను. ఆయన ముఖం పక్కకు తిప్పుకుని, "మా ఇంటామెను నేనైతే పంపలే అక్కా. మాకు ఇంకొక పోరడు కావాలె" అన్నాడు. క్యాంపుకూ కొడుకుకూ ఏం సంబంధమో నాకు బోధపడలేదు.

సిరొంచలో బడి హాల్లో క్యాంపు. ముందు కుర్చీల నిండా మగవాళ్ళు, ఊరి పెద్దలట. వెనక చాప మీద ఆడవాళ్ళు పట్టుమని పదిమంది లేరు. వేదిక మీద ఒకాయన మరాఠీలో అరగంట మాట్లాడాడు. చాప మీద కూర్చున్న వాళ్ళలో సగం మంది తెలుగు తప్ప ఎరగని వాళ్ళు, మర్యాదగా చూస్తూ కూర్చున్నారు. పెద్దమ్మ రాలేదు. అహేరి వైపు వెళ్ళే షేర్ జీపులో ఇరుక్కుని బామ్ని వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది.

పెద్దమ్మ కల్లంలో వడ్లు తూర్పారబడుతోంది. చాట కింద పెట్టకుండానే, "గా క్యాంపు నాకెందుకు బిడ్డా? నాకు పిల్లలు గాకుంట ఆపరేషన్ ఎన్నడో అయిపాయె" అంది. కోడలేదని అడిగాను. "దాన్ని మొన్ననే పాతగూడెం వాళ్ల తల్లిగారింటికి పంపిన. దానికింక ఒక్కతే పిల్ల, జీపుల ఎక్కించుకపోయి కోసి పంపుతే ఏం జెయ్యాలె?"

అప్పుడు అర్థమైంది పడవ మనిషి మాట. ఈ ఊళ్ళకు ఆడవాళ్ళ కోసమని జీపు వచ్చిందంటే అది పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కోసమే. ఇన్నేళ్ళుగా ఇంకే పనికీ రాలేదు. అందుకని పెద్దవాళ్ళు తమకు అయిపోయిందని ఇంట్లో ఉన్నారు, చిన్నవాళ్ళు తమకు వద్దని దాక్కున్నారు. మైకులో ఏం చెప్పారని అడిగితే, "ఆడోళ్ల క్యాంపు, ఆడోళ్లందరు రావాలె అన్నరు. అంతే" అంది పెద్దమ్మ.

రానంటే రానని మొండికేసిన మనిషిని బతిమాలి ఆటోలో కూర్చోబెట్టాను. రానూపోనూ రెండు వందలకు ఒప్పుకున్నాడు ఆటో అతను. మేం సిరొంచ చేరేసరికి సామాను జీపులోకి ఎక్కిస్తున్నారు. డాక్టరమ్మ చిన్న వయసుది, హిందీలో నెమ్మదిగానే మాట్లాడింది. ఏ ఊరని అడిగి, "బామ్ని రెండో గుంపు. అక్కడి వాళ్ళకు మేం పరీక్ష చేయం" అంది. ఇది ఒక ట్రయల్‌లో భాగమట. చీటీలు వేసి ఊళ్ళను రెండు గుంపులు చేశారట. మొదటి గుంపు ఊళ్ళలో ఇంటింటికీ వెళ్ళి రొమ్ము పరీక్ష చేస్తారు. రెండో గుంపు ఊళ్ళకు రోగం గురించి చెప్పి వదిలేస్తారు, ఈ క్యాంపు అందుకేనట. కొన్నేళ్ళ తర్వాత ఏ గుంపులో ఎంతమంది బతికారో పోల్చి చూస్తారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "రెండో గుంపు వాళ్ళకు మీరిచ్చేది ఒక్క మాట. ఆ మాటైనా సరిగ్గా ఇచ్చారా?" అని గట్టిగానే అడిగాను. డాక్టరమ్మ అప్పటికప్పుడు చీర అడ్డం కట్టించి పెద్దమ్మను లోపలికి తీసుకెళ్ళింది. బయటికొచ్చి, చంకలో కూడా గడ్డలు తగులుతున్నాయని, ఆలస్యం చేయకుండా నాగపూర్ తీసుకెళ్ళమని చెప్పింది. పెద్దమ్మ కొంగు సర్దుకుంటూ నా ముఖమే చూస్తోంది.

మైకు పట్టుకుని తిరిగిన మనిషి అక్కడే చాయ్ తాగుతున్నాడు. రొమ్ము గురించని ఎందుకు చెప్పలేదయ్యా అంటే, "నలుగుర్ల గా మాట ఎట్లంటం మేడం? మగోళ్లుంటరు, పోరలుంటరు. ఆడోళ్ల క్యాంపంటే సమజ్ అయితదనుకున్న" అన్నాడు. ఆపరేషన్ క్యాంపులకు తిరిగేదీ ఇతనే, జీపూ అదే. ఇతన్ని అని ఏం ప్రయోజనం? పెద్ద చదువులు చదివినవాళ్ళు గుంపులుగా విడగొట్టడానికి అంత బుర్ర పెట్టారే, జీపు ఎక్కి ఒక్క ఊరికైనా వెళ్ళి మైకులో ఏం వినిపిస్తోందో వినడానికి ఎవరికీ తీరలేదా? రేపు లెక్కలు తీసి, చెప్పినా బామ్ని ఆడవాళ్ళు రాలేదని రాసుకుంటారు. తప్పు మళ్ళీ వీళ్ళదే అవుతుంది.

తిరుగు దారిలో డాక్టరమ్మ మాటలన్నీ పెద్దమ్మకు తెలుగులో చెప్పాను. సాయంత్రం బామ్ని చేరేసరికి వాడకట్టు ఆడవాళ్ళు చుట్టూ మూగారు. ఈ వయసులో ఆపరేషన్ ఏందని ఒకామె నవ్వింది. పెద్దమ్మ నవ్వలేదు. అరుగు మీద మగవాళ్ళు కూర్చుని ఉన్నా గొంతు తగ్గించలేదు. "పిల్లల ఆపరేషన్ కాదే. రొమ్ముల గడ్డల గురించి చెప్పే క్యాంపట. నాకున్నది. నొప్పి లేకున్నా పానం తీస్తదట" అంది. పక్కింటి లచ్చవ్వ, ముప్పై అయిదు దాటని మనిషి, చంకలో బిడ్డను దించి, "అక్కా, నాకు గూడ ఉన్నది. పాలగడ్డ అనుకున్న" అంది. క్యాంపు జీపు అప్పటికే వెళ్ళిపోయింది.

మర్నాడు రేవుకు ముగ్గురం వెళ్ళాం. నాగపూర్‌లో మాట తెలియక పరేషాన్ అవడం కంటే మంచిర్యాల మీదుగా హైదరాబాద్ నయమనుకున్నాం. పడవలో పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని, "దవాఖానల ముందుగాల లచ్చవ్వను చూడుమను బిడ్డా. దాని పిల్లలు ఇంక చిన్నగున్నరు" అంది.

తర్వాత లచ్చవ్వకు చిన్న ఆపరేషన్‌తో సరిపోయింది. పెద్దమ్మకు సరిపోలేదు, రెండో వానాకాలం చూడలేదు. ట్రయల్స్ వద్దని నేననను. ఏ పద్ధతి ప్రాణం నిలుపుతుందో తేల్చాలంటే పోల్చి చూడక తప్పదేమో. కానీ మాట మాత్రమే దక్కే ఊరికి ఆ మాట ఆ ఊరి భాషలో, సిగ్గుపడకుండా చేర్చాలి. అది కూడా చేయని వాళ్ళ మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.

ఇటువైపు వచ్చేవాళ్ళకు ఒక్క సూచన. సాయంత్రం చీకటి పడకముందే పడవలు ఆగిపోతాయి, కాబట్టి రాత్రి ఎవరింట్లోనో ఉండాల్సి వస్తుంది. అన్నాలయ్యాక ఆ ఇంటి ఆడవాళ్ళను రొమ్ములో గడ్డ ఏమైనా తగులుతోందా అని ఆ మాటతోనే అడగండి. ఉందని ఒక్కరు చెప్పినా, మర్నాడు పడవలో ఆమెను కూడా తీసుకురండి.