విద్యార్థినినీ కాను, పర్మినెంటూ కాను

మా పరిశోధన పేపరు విదేశంలో జరిగే కంప్యూటర్ సదస్సుకు ఎంపికైందని మెయిలు వచ్చినప్పుడు నేను మా దీవుల రాజధానిలో, లంబాలైన్ పేటలోని అద్దె గది బయట బట్టలు ఆరేస్తున్నాను. తడి చేతులతోనే ఉత్తరాన మాయాబందర్‌లో ఉన్న పెద్దమ్మకు ఫోన్ చేశాను. ఆ పేపరుకు మూలం ఆమె గొంతే.

మా దీవుల తెలుగు కంప్యూటర్‌కు అర్థం కాదు. వాక్యం తెలుగులో మొదలై హిందీలో తేలేసరికి అది తడబడిపోతుంది. దాన్ని సరిచేద్దామని, ఎం.టెక్. అయ్యాక ఇక్కడి కాలేజీలో కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతూ, సెలవులన్నీ పెద్దమ్మ చర్చిలోని ఆడవాళ్ల మాటలు రికార్డు చేస్తూ గడిపాను. అందరికంటే ఎక్కువ మాట్లాడింది పెద్దమ్మే. చేపల పులుసు గురించి, షిప్పులో వాంతుల గురించి, పెదనాన్నతో తగాదాల గురించి.

"అయితే నా మాటలు ఫారిన్లో వింటారేటే?" అంది.

"వింటారు పెద్దమ్మా. నేనే వెళ్లి వినిపిస్తాను."

"మరింకేటి, టికెట్ బుక్ కర్ లే!"

ఆ ఆదివారం చర్చిలో నా ప్రయాణం కోసం ప్రార్థన కూడా చేయించింది.

సదస్సు వాళ్లు కొత్త పరిశోధకులకు ప్రయాణ ఖర్చులిస్తారు. దరఖాస్తు పెట్టాను. ఆ సాయం విద్యార్థులకు మాత్రమేనని, ఉద్యోగులు తమ సంస్థనే అడగాలని జవాబొచ్చింది. సంస్థను అడిగాను. ఆఫీసు గుమస్తా నా అర్జీ చదివి, కుర్చీ జరిపి కూర్చోమన్నాడు.

"మేడమ్, మీరు కాంట్రాక్ట్ కదా. ట్రావెల్ గ్రాంట్ సిర్ఫ్ పర్మినెంట్ వాళ్లకే. ప్రిన్సిపాల్ సార్ సంతకం పెట్టినా పైన ఆపేస్తారు."

"మరి నాలాంటి వాళ్లను ఎవరు పంపిస్తారు?"

"క్యా బోలూఁ దీదీ," అన్నాడు, అంతవరకూ మేడమ్ అని పిలిచినవాడు.

ఆన్‌లైన్‌లో మాట్లాడతానని సదస్సు వాళ్లను బతిమాలాను. రచయితల్లో ఒకరైనా స్వయంగా రాకపోతే పేపరు తీసేస్తామన్నారు. నా రికార్డింగులతో ప్రయోగాలు నడపడానికి సాయం చేసిన హైదరాబాద్ కుర్రాడు రెండో రచయిత. పీహెచ్‌డీ చేస్తున్నాడు, అంటే విద్యార్థి. అతను అడగ్గానే మంజూరైంది.

"అక్కా, నువ్వొద్దంటే వెళ్లను," అన్నాడు ఫోన్‌లో.

వద్దంటే పేపరే ఉండదు. "వెళ్లు," అన్నాను. నా స్లైడ్లు పంపాను, పెద్దమ్మ మాటల్లో ఏ ముక్క ఎప్పుడు వినిపించాలో చెప్పాను. మంచివాడు. అతని మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. అదే నన్ను ఎక్కువ కుంగదీసింది.

ప్రసంగం అయ్యాక మెసేజ్ పెట్టాడు. హాలు నిండిందట. పెద్దమ్మ నవ్వుకు అందరూ నవ్వారట. కోపమొస్తే ఆవిడ హిందీలోకి ఎందుకు మారుతుందని ఎవరో అడిగితే, తెలియదన్నాడట. నాకు తెలుసు. పెదనాన్నది రాంచీ నుంచి వచ్చిన కుటుంబం, ఆయనతో తగాదా పడాలంటే హిందీలోనే పడాలి. ఆ మాట టైపు చేసి చెరిపేశాను. అడిగినవాళ్లు అప్పటికే మరో హాల్లో మరొకరిని ఏదో అడుగుతుంటారు.

అక్కడ పరిచయమైన పరిశోధకులు అతనికి తమ దగ్గరే పని ఇచ్చారు. మా రికార్డింగులు మాత్రం చాలా తక్కువున్నాయని పక్కన పెట్టారట. ఆ సంగతి చెప్పడానికి చాలాసేపు నసిగాడు. తర్వాత నేను ఇంకో పేపరు మొదలుపెట్టాను. ఎంపికైనా మళ్లీ ఎవరో ఒకరు తీసుకెళ్లాల్సిందే కదా అనిపించి, సగంలో వదిలేశాను.

మొన్న సెలవులకు మాయాబందర్ వెళ్లాను. పెద్దమ్మ పక్కింటావిడను పిలిచి నా ఎదురుగా కూర్చోబెట్టింది.

"ఈవిడ మాటలు కూడా తీసుకోవే. నాకంటే బాగా చెప్తాది. ఫిర్ ఇద్దరివీ కలిపి వినిపిద్దువు."

వినిపించేది లేదని చెప్పలేకపోయాను. ఫోన్ బల్ల మీద పెట్టి రికార్డింగు నొక్కాను. ఇద్దరూ టీ చల్లారేదాకా మాట్లాడారు, మధ్యలో ఒకరి మాటకు ఒకరు అడ్డొచ్చారు, కళ్లు తుడుచుకునేంతగా నవ్వారు. ఆ ఫైలు నేనింతవరకూ తెరవలేదు.